నీటుప్పాడ గొంతులు

సోమవారం

గాలి తూర్పు నుంచి, మోస్తరుగా ఉంది. వాన లేదు. తీగబండి మామూలుగానే నడిచింది. కిందికి బియ్యం, మంచినీళ్ళ డబ్బాలు, బ్యాటరీలు పంపాం. పైకి ఎండుచేప, నాచు మోపులు వచ్చాయి. రెండో స్తంభం మీద కప్పీ కీచుమంటోంది. గ్రీజు పెట్టాలి.

పై ఆఫీసు నన్ను రాయమన్నది ఇంతవరకే. నేను తలుపులమ్మను. శంఖవరం కొండ మీది నుంచి కత్తిపూడి రేవుదాకా తీగకు వేలాడే డబ్బాలను, అంటే తీగబండిని, నడిపేదాన్ని, గాలీ బరువూ రాస్తే చాలు. కానీ ఈ రోజు ఇంకొంచెం రాయాలనిపిస్తోంది.

ఈ ఏడాది ముప్పయ్యొకటో తుఫాను పుట్టింది. తుఫాన్లకు పేర్లు పెట్టడం ఎప్పుడో మానేశారు. ఇంతకుముందువన్నీ వచ్చాయి, కొట్టాయి, పోయాయి. ఇది మాత్రం నీటుప్పాడకు దక్షిణంగా, సముద్రం మీద కదలకుండా కూర్చుందట. కింద నీళ్ళు వేడిగా ఉన్నంతసేపూ అలా బలుస్తూనే ఉంటుందని రేడియోలో చెప్పారు.

నీటుప్పాడలో నా చెల్లెలు వరాలు ఉంది. పాత ఉప్పాడ మునిగిపోయాక, సరిగ్గా దాని పైనే తేలే ఇళ్ళు కట్టుకుని ఉండిపోయినవాళ్ళ ఊరు అది. నలభై ఇళ్ళ పైచిలుకు. ఒకదానికొకటి గొలుసులతో కట్టి ఉంటాయి. ఆ మొత్తాన్నీ పట్టి ఉంచేది ఒకే ఒక పెద్ద లంగరు. దాని కాపలా వరాలుది. పెళ్ళయిన కొత్తలో తీసుకుంది ఆ పని, ఇప్పటికీ వదల్లేదు.

పని అయ్యాక పలుకుబిళ్ళ నొక్కి దాని పేరు చెప్పాను. మా అందరి మెళ్ళోనూ ఉంటుంది ఆ బిళ్ళ. పేరు చెబితే చాలు, అవతలి మనిషి గొంతు పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది.

"వచ్చెయ్యవే వరాలూ. నువ్వూ మరిదిగారూ పొద్దున్నే పడవెక్కి రేవుకొచ్చెయ్యండి. నేను పైకి లాగేసుకుంటాను."

"మరి లంగరెవరు చూత్తారు? నువ్వొచ్చి చూత్తావా?"

"లంగరు పోతే పోయింది. నీకేదన్నా అయితే?"

"పోతే పోయిందా? కొండెక్కాక నీ బుర్ర ఎండిపోయిందే అక్కా. ఇక్కడ ఇన్ని కాపురాలున్నాయి. నా దారి నేను చూసుకుని వచ్చేత్తే రేపు వాళ్ళ మొకాలు ఎలా చూడను?"

"నీకు మొండితనం తప్ప ఇంకేం లేదు."

"నీకు పెత్తనం తప్ప ఇంకేం లేదు."

వెనక నుంచి మరిది లోవరాజు నవ్వుతూ అరిచాడు. "వదినా, కంగారుపడకండి. గాలి తగ్గాక మీకు మంచి పండుగప్ప చేప పంపుతాను."

వరాలు వెళ్ళొస్తానని కూడా అనకుండా కట్ చేసింది. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరిదీ ఇదే వరస.

మంగళవారం

గాలి తూర్పు నుంచి, బాగా పెరిగింది. వాన అడ్డంగా కొడుతోంది. తీగబండి ఆపేయమని ఉత్తర్వు వచ్చింది. రేవులో పనిచేసేవాళ్ళందరినీ పైకి తెచ్చేసి, డబ్బాలను స్టేషన్‌లోకి లాగి గొలుసులు వేశాం.

మధ్యాహ్నం నుంచి బిళ్ళ నొక్కితే గరగర తప్ప ఏమీ లేదు. వరాలు, లోవరాజు, ఇద్దరి పేర్లూ చెప్పి చూశాను. నాతో పాటు తీగబండి మీద పనిచేసే గవర్రాజు బాబాయ్ తన కొడుకు నానాజీ పేరు చెబుతూనే ఉన్నాడు. నానాజీ కూడా నీటుప్పాడలోనే ఉంటాడు, వలలు కుట్టుకుంటూ.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒక్కసారిగా గరగర పోయి, గొంతు స్పష్టంగా వచ్చింది.

"అక్కా, మేం బాగానే ఉన్నాం. ఇళ్ళన్నీ గట్టిగా ఉన్నాయి. నువ్వేం భయపడకు. ఇటు మాత్రం రావద్దు."

నాకు ఏడుపొచ్చింది.

"అన్నం తిన్నావా అక్కా?" అంది.

తిన్నానని చెప్పాను. పక్కనే గవర్రాజు కూడా బిళ్ళ చెవికి ఆనించుకుని తలూపుతున్నాడు. "అలాగేరా నాన్నా, అలాగే" అంటూ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

బుధవారం

గాలి నిన్నటిలాగే. తుఫాను కదల్లేదు. పని లేదు. రెండో స్తంభం ఎక్కే వీలు లేదు కాబట్టి స్టేషన్‌లో ఉన్న కప్పీలకు గ్రీజు పెట్టాం.

స్టేషన్ అరుగు మీద నుంచుంటే మామూలు రోజుల్లో నీటుప్పాడ దీపాలు దండలా కనిపిస్తాయి. ఇప్పుడు వాన తెర తప్ప మరేమీ లేదు. తీగ మాత్రం రోజంతా ఒకే శ్రుతిలో మూలుగుతోంది.

ఊరుమ్మడి వంటింట్లో జనం నవ్వుతూ తింటున్నారు. అందరికీ గొంతులు వచ్చాయి. ఒకామె తన భర్త పాట పాడి వినిపించాడని చెబుతోంది. ఇంకొకాయన తన తమ్ముడు పాత తగాదా మరిచిపోయి క్షమించమన్నాడని అందరికీ చెబుతున్నాడు. కిందికి దిగి చూద్దాం అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అవసరం ఏముంది, అందరూ బాగానే ఉన్నారు కదా.

సాయంత్రం వరాలుతో మళ్ళీ మాట్లాడాను. లంగరు ఎలా ఉందని అడిగితే, "గట్టిగా ఉంది, నువ్వు నిద్రపో" అంది. "సోమవారం నేను కోపంగా మాట్లాడాను, పట్టించుకోకు" అన్నాను. "నాకేం కోపం లేదక్కా. నువ్వు నా మంచికే చెప్పావు" అంది.

మంచి మాటే అంది. కానీ అన్నం సహించలేదు.

గురువారం

గాలి తూర్పు నుంచి. వాన ఎక్కువైంది. తుఫాను కదల్లేదు.

ఉదయం కూడా వరాలుతో మాట్లాడాను. నేనేమంటే దానికి సరే అంటోంది. ఇన్నేళ్ళలో నా చెల్లెలు నాతో వరసగా రెండు రోజులు గొడవపడకుండా ఉన్నది లేదు. జ్వరంతో పడుకున్నప్పుడు కూడా పోట్లాడింది. పురిటి నొప్పులప్పుడు మంత్రసాని ముందే నన్ను తిట్టింది. ఆ బిడ్డ దక్కలేదు. ఆ దుఃఖంలో కూడా నేను ఓదార్చబోతే అరిచి గదిలోంచి తోసేసింది. అది అలాంటి మనిషి.

మధ్యాహ్నం ఒక పని చేశాను. మా అమ్మ పడవ ఒకటి ఉంది. పాతబడిపోయింది, నీళ్ళలోకి దించడానికి పనికిరాదు. నేను దాన్ని మా ఇంటి వెనక బోర్లించి ఉంచాను. అమ్మ చివరి రోజుదాకా నడిపిన పడవ అది. దాని మీద ఎవరైనా చెయ్యి వేస్తే వరాలు ఊరుకోదు.

బిళ్ళ నొక్కి అన్నాను. "వరాలూ, నీకో మాట చెప్పాలి. అమ్మ పడవ పొయ్యిలోకి కొట్టించేశాను."

తిట్టవే, ఒక్కసారి తిట్టు, అనుకుంటూ వింటున్నాను.

"నీకెలా మంచిదనిపిస్తే అలా చెయ్యక్కా," అంది గొంతు. వరాలు గొంతే. అదే గరుకు, అదే యాస. "వాన పడుతోంది కదా, కట్టెలు కావాలి మరి. నువ్వు అన్నం తిన్నావా?"

బిళ్ళ మెళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టాను. దాని వైపు చూడాలంటేనే భయం వేసింది.

శుక్రవారం

గాలి తూర్పు నుంచి, జల్లులు జల్లులుగా. మధ్యమధ్య కాసేపు తగ్గుతోంది. తుఫాను ఒడ్డు వైపు నెమ్మదిగా జరుగుతోందని రేడియో చెప్పింది.

ఉదయమే క్షేమకేంద్రానికి వెళ్ళాను. బిళ్ళలు నడిపేది వాళ్ళే. మా కొండ మీద ఉన్నది చిన్న గది, ఒక్కరే అధికారి, పరంజ్యోతి గారు. నెమ్మదైన మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగదు.

"నా చెల్లెలితో మాట్లాడేది ఎవరు?" అని అడిగాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. తలుపు వేసి వచ్చి కూర్చుంది.

"మంగళవారం మధ్యాహ్నమే నీటుప్పాడ లైను తెగిపోయింది తలుపులుగారూ. అప్పటి నుంచీ అక్కడి నుంచి ఒక్క మాట రాలేదు."

"మరి ఆ గొంతులు?"

"ఇన్నేళ్ళు మీరు మాట్లాడుకున్న మాటలన్నీ బిళ్ళల్లో ఉన్నాయి కదా. వాటిని బట్టి ఆ మనిషి ఏమంటుందో యంత్రం అల్లుతుంది. గొంతు ఎలాగూ ఉంది."

"ఎందుకు? ఎవరు చెప్పారు ఇలా చెయ్యమని?"

"కిందటి పెద్ద తుఫానులో ఏం జరిగిందో మీకు తెలుసు. మనవాళ్ళేమయ్యారో అని అందరూ ఒక్కసారి దిగారు. రేవు కూలిపోయింది. తుఫానులో పోయినవాళ్ళ కంటే వెతకబోయి పోయినవాళ్ళే ఎక్కువ. ఇంకోసారి అలా కాకూడదని పై ఆఫీసు ఈ ఏర్పాటు చేసింది. గాలి ఆగేదాకా జనాన్ని కొండ మీదే ఉంచడానికి."

నాకు కోపం రావాలి. కానీ ఆ రేవు మీది నుంచి శవాలను పైకి తెచ్చింది నా తీగబండే.

"మీవాళ్ళెవరూ అక్కడ లేరు కాబట్టి ఇంత తాపీగా చెబుతున్నారు," అన్నాను చివరికి.

"మావారు అక్కడే ఉన్నారు. నీటుప్పాడ బడిలో పంతులు." ఆమె తన మెళ్ళో బిళ్ళను వేళ్ళతో తిప్పుతోంది. "నేనూ రోజూ సాయంత్రం మాట్లాడుతున్నాను. అది ఆయన కాదని నాకు తెలుసు. తెలిసే మాట్లాడుతున్నాను."

లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి అంది. "ఎవరికీ చెప్పకండి. చెబితే అందరూ దిగుతారు."

నేను గవర్రాజుకు ఒక్కడికే చెప్పాను. మొదట ఎగిరిపడ్డాడు.

"నిన్ననే మాట్టాడాడే మావోడు! చేపల పులుసు పెట్టించుకు తింటానన్నాడు. నా కొడుకు గొంతు నాకు తెల్దా?"

"నాకూ నా చెల్లెలి గొంతు తెలుసు బాబాయ్."

"నీ చెల్లెలికి ఏదో అయిందని అందరికీ అయిపోద్దేంటి?"

విసురుగా వెళ్ళిపోయాడు. అరగంట తరవాత తడుస్తూ తిరిగొచ్చాడు.

"ఆడి కాళ్ళమీద చిన్నప్పుడు సలసల కాగే నీళ్ళు పడ్డాయి. ఇప్పుడెలా ఉందిరా అనడిగాను," అన్నాడు. "ఏ కాలు నాన్నా, బాగానే ఉంది అన్నాడు. ఒక్క కాలు కాదమ్మా. రెండు కాళ్ళూ కాలాయి. ఆడు అది మర్చిపోతాడా?"

తడి తువ్వాలు పిండి భుజాన వేసుకున్నాడు.

"రేపు గాలి కాస్త తగ్గినప్పుడు దిగుదాం," అన్నాడు.

శనివారం

గాలి తూర్పు నుంచి. జల్లుకూ జల్లుకూ మధ్య తెరిపి ఉంది. ఉత్తర్వు దాటి తీగబండి నడిపాను. ఆ సంగతి ఇక్కడే రాస్తున్నాను. ఎవరైనా అడిగితే చెబుతాను.

మోటారు నడిపే పని స్టేషన్‌లో ఇంకో మనిషికి అప్పగించి, నేనూ గవర్రాజూ ఒకే డబ్బాలో దిగాం. మొదటి స్తంభం దాటేసరికి డబ్బా పక్కకు ఒరిగి తీగను రాసుకుంది. గవర్రాజు దేవుళ్ళందరినీ ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచాడు. రెండో స్తంభం దగ్గర కప్పీ కీచుమనడం వినిపిస్తే నాకు ధైర్యం వచ్చింది. తిరుగుతోంది కాబట్టే అరుస్తోంది.

రేవు మీద నీళ్ళు మోకాలి లోతున ఉన్నాయి. ఆ నీళ్ళలో ఇంటి సామాన్లు తేలుతున్నాయి. కూజా, చాప, నీలిరంగు తలుపు, తేలే ఇళ్ళ కింద కట్టే పీపాలు. అవన్నీ దక్షిణం వైపు నుంచి, పాత హైవే వంతెన ఉన్న దిక్కు నుంచి వస్తున్నాయి.

"లంగరు తెగిపోయిందమ్మా," అన్నాడు గవర్రాజు. "ఊరు ఊరంతా కొట్టుకొచ్చేసింది."

రేవు షెడ్డులో ఉన్న మోటారు పడవ దించాం. వానకు ముందేమీ కనిపించడం లేదు. పీపాలు ఎటు నుంచి వస్తుంటే అటు నడిపాను. చివరికి వంతెన కనిపించింది. ఒకప్పుడు దాని మీద లారీలు నడిచేవట. ఇప్పుడు రెండు చివరలూ మునిగి మధ్య భాగం మాత్రం నీళ్ళ మీద ఉంది. దానికి తగులుకుని, ఒకదాని మీదికొకటి ఎక్కి, నీటుప్పాడ ఇళ్ళు. సగమే ఉన్నాయి. వంతెన మీద మనుషులు టార్పాలిన్ల కింద ముద్దగా కూర్చుని ఉన్నారు.

మమ్మల్ని చూసి ఎవరూ అరవలేదు. అరిచే ఓపిక అయిపోయి ఉంటుంది.

నానాజీని ముందు గవర్రాజే చూశాడు. కాలు విరిగి చెక్కముక్కల మధ్య కట్టి ఉంది, కానీ మనిషి బతికే ఉన్నాడు. "నాన్నా, ఇన్నాళ్ళూ ఎవరూ రాలేదేంటి?" అని అడిగాడు. గవర్రాజు కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని అలా నిమురుతూ ఉండిపోయాడు.

వరాలు వంతెన చివర, రెయిలింగు పక్కన ఒక్కతే కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. తలెత్తి చూసింది. మూడు రోజులు జనాన్ని పేర్లు పెట్టి పిలిచి పిలిచి దాని గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. నేను చెవి దాని పెదాల దగ్గర పెట్టి విన్నాను.

మంగళవారం నీళ్ళు పెరుగుతుంటే లంగరు గొలుసు చాలలేదట. నీళ్ళు పైకి, గొలుసు కిందికి. ముందువరస ఇళ్ళు మునగడం మొదలయ్యాయి. లంగరు వదిలెయ్యక తప్పదు. గొలుసును పట్టి ఉంచే మేకు బిగుసుకుపోయింది. లోవరాజు సమ్మెట తీసుకుని నీళ్ళలోకి దిగాడు. మేకు ఊడింది. ఊడిన గొలుసు అతని ఛాతీకి కొట్టింది. పైకి లాగారు. బుధవారం పొద్దెక్కేదాకా ఉన్నాడు.

"నీళ్ళు తీసుకుపోతాయని…" అని ఆగింది వరాలు. రెయిలింగు అవతలికి చూపించింది. లోవరాజును దుప్పటిలో చుట్టి, తాడుతో స్తంభానికి కట్టి ఉంది. ముడి చూసి గుర్తుపట్టాను, అది వరాలు వేసే ముడే.

బుధవారం పొద్దెక్కాక. అంటే ఆ సాయంత్రం నేను "సోమవారం కోపంగా మాట్లాడాను" అని చెప్పుకుంటున్నప్పుడు వరాలు ఇక్కడ ఇలా కూర్చుని ఉంది.

చీకటి పడేలోగా పడవ మీద రేవుకూ, రేవు నుంచి తీగ మీద పైకీ ఎన్ని విడతలు తెచ్చామో లెక్క పెట్టలేదు. బతికి ఉన్నవాళ్ళందరూ పైకి వచ్చారు. పోయినవాళ్ళను అక్కడే ఉంచి వచ్చాం. సగం ఇళ్ళు ఎటు కొట్టుకుపోయాయో ఎవరికీ తెలియదు. వాళ్ళ గొంతులు మాత్రం బిళ్ళల్లో పలుకుతూనే ఉన్నాయి, వాళ్ళవాళ్ళు వాటినే నమ్ముకున్నారు. పరంజ్యోతి గారి భర్త ఆ సగంలో ఉన్నాడు. పైకి వచ్చిన ప్రతి డబ్బా దగ్గరా ఆమె నిలబడి, దిగినవాళ్ళ ముఖాలు చూసింది.

ఆదివారం

గాలి లేదు.

తెల్లవారేదాకా విరగబాదిన గాలి, ఉదయం వంటింట్లో గంజి కాస్తుండగా ఒక్కసారిగా ఆగిపోయింది. ఎండ వచ్చింది. సముద్రపు పిట్టలు వందల కొద్దీ వచ్చి స్టేషన్ కప్పు మీద వాలాయి. ఎగరలేక ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. చుట్టూ మబ్బు గోడలా లేచి ఉంది. మధ్యలో మాత్రం నీలం ఆకాశం. తుఫాను కన్ను మా మీదికి వచ్చిందని ఆ పిట్టలను చూశాకే తెలిసింది.

అప్పుడు అందరి బిళ్ళలూ ఒకేసారి మోగాయి. ఎవరూ నొక్కకుండానే.

"గాలి తగ్గింది. ఇక రావచ్చు. ఇంటికి వచ్చెయ్యండి."

ఒక్కొక్కరి మెళ్ళోంచీ ఒక్కొక్క గొంతు. ఒకరికి భర్త, ఒకరికి తమ్ముడు, ఒకరికి కూతురు. కొట్టుకుపోయిన ఇళ్ళవాళ్ళ గొంతులు కూడా. కాసేపటికి స్టేషన్ ముందు జనం కట్టలు తెగినట్టు చేరారు.

"తీగబండి తియ్యి తలుపులమ్మా! మా ఆయన పిలుస్తున్నాడు!"

"ఇది కన్ను. అవతల ఇంకో సగం ఉంది. ఇప్పుడు దిగితే గాలి తిరగబడేసరికి మధ్యదారిలో ఉంటారు."

"నిన్న నువ్వు దిగలేదా? నీ చెల్లెలు దొరికింది కాబట్టి మా మీద తలుపేస్తావా?"

ఆ మాట తగిలింది. మోటారు తాళంచెవి తీసి రవికలో దోపుకున్నాను. గవర్రాజు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. జనం నెట్టుకుంటూ ముందుకు వస్తున్నారు. పరంజ్యోతి గారు పరుగెత్తుకుంటూ వచ్చి వాళ్ళకు అడ్డం నిలబడింది.

"అవి మీవాళ్ళు కాదు! యంత్రం మాటలు. గాలిని కొలిచే ముల్లు సున్నా చూపిస్తే రమ్మని పిలవమని దానికి నేర్పారు. తుఫాను పూర్తిగా వెళ్ళిపోయాక పిలవడానికి పెట్టిన మాటలవి. ఇప్పుడు కాదు, దయచేసి వినండి!"

ఎవరూ వినలేదు. ఆమె అంత గట్టిగా అరవడం నేను మొదటిసారి చూశాను. ఆమె మెళ్ళో బిళ్ళ కూడా పలుకుతూనే ఉంది. "జ్యోతీ, వస్తున్నావా?" అంటోంది మగగొంతు.

అప్పుడు స్టేషన్‌లోంచి వరాలు బయటికి వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. దాని ఒంటి మీద ఇంకా వంతెన బురద ఉంది. జనం దారి ఇచ్చారు. అది ఏమీ అనలేదు, అనడానికి గొంతూ లేదు. తన బిళ్ళ ఎప్పుడో నీళ్ళలో పోయింది. నేను మళ్ళీ మెళ్ళో వేసుకున్న బిళ్ళ పట్టుకుని, నా వంక చూసి పెదాలు కదిపింది. నేను నొక్కి ఆ పేరు చెప్పాను.

"లోవరాజు."

"వదినా!" అన్నాడు లోవరాజు, నవ్వుతూ. "ఇంట్లోనే ఉన్నాం. సముద్రం సద్దుమణిగింది. వరాలు వంట చేత్తోంది. మీరూ వచ్చెయ్యండి, తిందురుగాని."

వరాలు వింది. కళ్ళు మూసుకుని మొత్తం వింది. ఆ తరవాత జనం వైపు తిరిగి ఏదో చెప్పింది. ముందున్నవాళ్ళకు కూడా వినపడలేదు. నేనే గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"ఇతన్ని వంతెన స్తంభానికి కట్టి వచ్చానంటోంది. నా చేతులతో నేనే కట్టానంటోంది."

ఎవరూ కదల్లేదు. తీగబండి తియ్యమని అందరికంటే గట్టిగా అరిచిన ఆవిడ నేల మీద కూలబడింది. ఒకాయన బిళ్ళ తీసి చేతిలో పెట్టుకున్నాడు, పారెయ్యలేక. అది అతని గుప్పెట్లోంచి ఇంకా పిలుస్తూనే ఉంది.

పరంజ్యోతి గారు నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "ఈ గొంతులు మన కొండకే కాదు తలుపులుగారూ. ప్రత్తిపాడు గుట్టలకు, అన్నవరం మెట్టకు, అన్నిటికీ వెళుతున్నాయి. అక్కడ చెప్పడానికి మీ చెల్లెలు లేదు. పై ఆఫీసుకు లైను కలవడం లేదు. మెట్లదారిలో సగానికి దిగితే ఈ గొంతులను అన్ని కొండలకూ పంపే రిలే స్తంభం ఉంది. అక్కడ తీగలు కోస్తే అన్నీ ఆగిపోతాయి."

"గాలి ఎప్పుడైనా తిరగబడుతుంది."

"తెలుసు."

"నేనూ వస్తాను."

"మీరొస్తే వీళ్ళను ఎవరు ఆపుతారు? తాళం మీ దగ్గరుంది."

గవర్రాజు దగ్గర తీగలు కోసే పెద్ద కత్తెర తీసుకుంది. తన బిళ్ళ చెవి దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం వింది. "వస్తున్నా," అంది దానితో. తరవాత మెట్లు దిగి మలుపు తిరిగిపోయింది.

వచ్చినవాళ్ళందరినీ స్టేషన్ కాంక్రీటు హాలులోకి పంపి తలుపులు బిగించాం. పిట్టలు కొన్ని లోపలికి వచ్చేశాయి, తరమలేదు. కాసేపటికి దక్షిణం వైపు మబ్బు గోడ కొండ మీదికి జరిగింది. ఎండ ఆరిపోయింది. గాలి ఈసారి పడమర నుంచి వచ్చింది. ఒక్క దెబ్బకు కప్పు రేకులు లేచిపోయాయి. డబ్బాలు గొలుసులు తెంపుకునేలా ఊగుతున్నాయి. పరంజ్యోతి గారు రాలేదు.

హాలులో ఇంకా గొంతులు పలుకుతున్నాయి. వచ్చెయ్యండి, వచ్చెయ్యండి, అని. జనం చెవులు మూసుకుని కూర్చున్నారు.

ఉండబట్టలేక బిళ్ళ నొక్కాను. పరంజ్యోతి, అన్నాను.

"క్షేమంగానే ఉన్నాను తలుపులుగారూ," అంది. నెమ్మదైన గొంతు. దాని వెనక గాలి చప్పుడు లేదు, వాన చప్పుడు లేదు. "కంగారుపడకండి. నేను చేరాను. మావారు ఇక్కడే ఉన్నారు. మీరు అన్నం తి—"

ఆగిపోయింది.

నా బిళ్ళ ఒక్కటే కాదు. హాలులో ఉన్న ప్రతి బిళ్ళా ఒకే క్షణాన, మాట మధ్యలో ఆగిపోయింది.

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అది ఆమె చేతుల పనేనని చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ క్షణం వరకూ ఆమె బతికే ఉంది. ఆ తరవాతి సంగతి మాకెవరికీ తెలియదు. చెప్పే గొంతు ఇంకేదీ లేదు.

ఈ వారంలో మొదటిసారి గాలి ఒక్కటే వినిపిస్తోంది. వరాలు నా పక్కకు జరిగి కూర్చుని, తాడు చుట్టను ఒళ్ళోకి తీసుకుని, తడిసిన ముడులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. గవర్రాజు రెండు లాంతర్లలో నూనె పోశాడు. గాలి తగ్గగానే మెట్లదారిన దిగుతాం. ముగ్గురం వెళతాం. హాలులో ఇంకొందరు లేచి, మేమూ వస్తామని వచ్చి నిలబడ్డారు.

గాలి పడమర నుంచి. ఇంకా పెరుగుతోంది.